తల మీద చెయ్యి

కనకం పిన్ని పోయిన కబురు నాకు ఫోన్లో తెలిసింది. వట్లూరులో మా మూడో అంతస్తు బాల్కనీలో కూర్చుని ఆరిన బట్టలు మడత పెట్టుకుంటున్నాను. తెలియని నెంబరు నుంచి ఫోను వస్తే మామూలుగా ఎత్తను. ఆ రోజు ఎందుకో ఎత్తాను.

“సుబ్బలక్ష్మిగారేనాండీ? నేను మణినండీ, కైకలూరు అవతల నుంచి. కనకంగారి అమ్మాయిని,” అంది ఒక ఆడగొంతు. “అమ్మ మొన్న పొద్దున్న పోయిందండీ. మీ నెంబరు మీ మేనత్త శకుంతలమ్మగారి అబ్బాయి ఇచ్చారు. నేను పోతే సుబ్బులుకి ఒక్క మాట చెప్పండర్రా అని అమ్మ ఎప్పుడూ అనేదండీ.”

నన్ను సుబ్బులూ అని పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదని కొన్నేళ్ళుగా అనుకుంటున్నాను. ఒకరు మిగిలి ఉన్నారని, ఆవిడ కూడా మొన్న పోయిందని ఒకేసారి తెలిసింది. పెద్దకర్మ రోజు జనంలో మాట్లాడుకోవడం కుదరదు, వీలైతే ముందే ఒకసారి రమ్మని మణి అడిగింది. వస్తానన్నాను. ఫోను పెట్టేశాక మిగిలిన బట్టలు మడవకుండానే లోపలికి తెచ్చేశాను.

ఆ సాయంత్రం మా బంధువుల గ్రూపులో కబురు పెట్టాను. ఏడుగురు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. వాళ్ళలో పిన్నిని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మా అన్నయ్య మనవడు నిలబెట్టిన బొటనవేలు బొమ్మ పెట్టాడు. చూశాను అని దానికి అర్థమట. మా చిన్నప్పుడు ఎవరి మొహం ముందైనా బొటనవేలు ఆడిస్తే, నీకేం దక్కదు పో అని వెక్కిరించినట్టు. చావు కబురు కింద ఆ వేలు చూసి ఒళ్ళు మండింది. కాసేపటికి ఆ కోపం పోయి బాధ మిగిలింది. వాడి వేలికి వాడికి తెలిసిన అర్థం వాడిది, అందులో తప్పేం లేదు. ఇంత చిన్న మాట మా ఇంట్లో ఒక మనిషి విషయంలో ఎవరూ అనుకోలేకపోయారు. అనగలిగిన దాన్ని నేనొక్కదాన్నే ఉండి, నేను అనలేదు.

మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో గోనెసంచులు పేర్చిన నడవా. ఇంట్లో ఎవరి బట్టలు చూసినా ఉల్లిపొట్టూ గోనెపట్టా కలిసిన వాసనే. బడిలో పిల్లలు నన్ను ఉల్లిగంప అని పిలిచేవాళ్ళు. ఆ కొట్టు మీద జీవితమంతా బతికిన మా మామ్మ మాత్రం ఉల్లిపాయ నోట పెట్టేది కాదు. మామ్మంటే మా నాన్నకి అమ్మ. తాతయ్య పోయాక ఇల్లూ కొట్టూ ఆవిడ కనుసన్నల్లోనే నడిచేవి. వసారాలో స్తంభానికి ఆనుకుని పీట వేసుకుని కూర్చునేది. అక్కణ్ణుంచి వంటింటి గుమ్మం, నూతి దగ్గర చప్టా, కొట్టు వెనక తలుపు మూడూ కనిపించేవి. ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. కోపం వస్తే “అలాగా” అనేది. ఆ మాట వెంటవెంటనే రెండుసార్లు అంటే పిల్లలం పెరట్లోకి జారుకునేవాళ్ళం. పొద్దున్నే పాలు కాగే వాసన, పదింటికి కందిపప్పు వేగే వాసన, మధ్యాహ్నం మామ్మ వక్కలు కత్తిరించే చప్పుడు, సాయంత్రం కొట్టు ముందు నీళ్ళు చల్లితే లేచే మట్టి వాసన. ఆ ఇంట్లో రోజులు వీటిని బట్టి నడిచేవే తప్ప గడియారాన్ని చూసుకున్నవాళ్ళు లేరు.

తాతయ్య తమ్ముడు వయసులో ఉండగానే రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవాళ్ళు. అక్కడే కొట్టు పెట్టుకుని, అక్కడే పోయాడు. ఆయన కొడుకు మా బాబాయి. అక్కడి ప్రభుత్వం మనవాళ్ళ కొట్లన్నీ తీసేసుకుని వెళ్ళిపొమ్మంటే, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని భార్యతో ఓడెక్కి వచ్చాడు. ఆవిడ తండ్రి తెలుగువాడే గాని, పసితనంలోనే పోతే బర్మా మనిషయిన తల్లి దగ్గరే పెరిగింది. పేరు ఖిన్ మ్యా. ఆ పేరు నోరు తిరగక, వచ్చిన మర్నాడే మామ్మ కనకం అని పెట్టింది. కొత్త పేరు విని పిన్ని తల ఊపింది. ఎవరు పిలిచినా రెండోసారి పిలిచేదాకా పలికేది కాదు. పొగరు కాదు, ఆ పేరు తనదని గుర్తుండేది కాదు అంతే.

అప్పటికి నాకు పదేళ్ళు. ఇంట్లో అందరికంటే నేనే ఆవిడ వెనక ఎక్కువ తిరిగాను. ఏదో చెట్టు బెరడు సానమీద అరగదీసి చెంపలకి రాసుకునేది. చందనంలా ఉండేది గాని చందనం కాదు. వెంట తెచ్చుకున్న ముక్క నాలుగు నెలల్లో అరిగిపోయింది. తర్వాత మా అమ్మలాగే పసుపు రాసుకుంది. తెలుగు బాగానే అర్థమయ్యేది గాని, కంగారు పడితే మాటలు దొరికేవి కావు. దొరికిన ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ అనేది. మాది చేపలు తినని ఇల్లు. వీధిలో ఎండుచేపల గంప వెళుతుంటే అమ్మావాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్ళు. పిన్ని వాకిట్లోకి వచ్చి నిలబడేది. గంప వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి పోయేది.

ఆవిడ ఎవరికేమిచ్చినా కుడిచేత్తో ఇస్తూ, ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకునేది. మంచినీళ్ళ గ్లాసైనా అంతే, విస్తరాకైనా అంతే. మొదటి రోజు మామ్మ దయగానే అడిగింది.

“ఏవిటమ్మా, చెయ్యి నొప్పా? చెప్పు, నూనె కాచి రాయిస్తాను.”

పిన్ని నవ్వి తల అడ్డంగా ఊపింది. వారం తర్వాత కూడా ఆ చెయ్యి అలాగే వస్తుంటే, “గ్లాసు అంత బరువుగా ఉందేవిటి మనింట్లో,” అంది మామ్మ. అమ్మ నవ్వింది. పని చెయ్యడం ఇష్టంలేక నటిస్తోందని కొన్నాళ్ళకి ఇంట్లో స్థిరపడింది. పెద్దవాళ్ళకి ఏదైనా ఇచ్చేటప్పుడు ఒక్క చెయ్యి చాచడం వాళ్ళలో అమర్యాదట. ఆ మాట పిన్ని నాకు చెప్పింది. నాకు అదొక ఆటలా ఉండి, నా బొమ్మలకి అలాగే అన్నం పెట్టేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పాలని తోచలేదు.

పెద్దవాళ్ళు కూర్చున్న చోట వాళ్ళ ముందు నుంచి నిటారుగా నడవకూడదని కూడా ఆవిడకి నేర్పారు. అందుకని మామ్మ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నడుం వంచి, అడుగు చప్పుడు కాకుండా వెళ్ళేది. “అలా నక్కి నక్కి నడుస్తుందేవిటి, ఎవరి మాటలు వినడానికి?” అని మామ్మ అమ్మతో అనడం నేను విన్నాను. మా తమ్ముడు అప్పుడు చంకబిడ్డ. పిన్ని వాణ్ణి ఎత్తుకుంటే ముద్దు పెట్టేది కాదు. చెంపకి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చేది. ఒకసారి ఆ మర్నాడే వాడికి జ్వరం వచ్చింది. “పసివాణ్ణి అలా వాసన చూస్తారా ఎవరైనా,” అని అమ్మ వాడి చెంప తడిగుడ్డతో తుడిచింది. అప్పటినుంచి వాడు పిన్ని చేతికి దొరక్కుండా చూసుకునేది. పిన్నికి అప్పటికింకా పిల్లల్లేరు. ఆ చెంప తుడవడం ఆవిడ చూసింది. తర్వాత నాకు జడ వేస్తూ, “మీ అమ్మకి నా మీద కోపమా?” అని ఒక్కసారి అడిగింది. లేదన్నాను.

ఆ దీపావళికి తలంట్లు జరిగాయి. ఏటా ఆ రోజు తెల్లవారుతుండగానే మామ్మ మగవాళ్ళని పీటల మీద వరసగా కూర్చోబెట్టి, ఎవరి భార్య చేత వాళ్ళ మాడుకి నూనె పెట్టించేది. అమ్మ నాన్నకి పెట్టింది. పిన్ని వంతు వచ్చేసరికి నూనెగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బాబాయి తల వంచుకుని కూర్చున్నాడు. “సిగ్గు కాబోలు,” అని మామ్మే లేచి పెట్టేసింది. అందరూ నవ్వారు, బాబాయి కూడా కొంచెం నవ్వాడు. ఆయన పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి ఆవిడ ఎందుకు ఆగిందో ఆయనకి తెలుసు. కానీ పెద్దమ్మ ఇంట్లో తలదాచుకుంటున్న మనిషి. అటు మామ్మకి నచ్చజెప్పడం, ఇటు భార్యని వెనకేసుకు రావడం రెండూ ఆయనకి చేతకావు.

తర్వాత నూతి దగ్గర నాకు శీకాయ రుద్దుతుంటే పిన్నిని అడిగాను, నూనె ఎందుకు పెట్టలేదని. “మగవాళ్ళ తల, పెద్దవాళ్ళ తల మనం ముట్టుకోకూడదు సుబ్బులూ,” అంది. “వాళ్ళ బలం, పుణ్యం అంతా అక్కడ ఉంటుంది. ఆడమనిషి చెయ్యి పెడితే పోతుంది. మా అమ్మ మా తాత పడుకునే తలగడ కూడా ముట్టుకునేది కాదు. చిన్నపిల్లలైతే పరవాలేదు, నీ తల ముట్టుకోవచ్చు.” ఇంకా ఇలా అంది: “ఎవరితోనూ చెప్పకు. నవ్వుతారు.” చెప్పనన్నాను. తన గదిలో చిన్న బుద్ధుడి పటం ముందు రోజూ సాయంత్రం ఎలా దణ్ణం పెట్టుకుంటుందో కూడా నాకు తెలుసు. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి నుదుటికి ఆనించి, నుదురూ మోచేతులూ నేలకి తగిలేలా మూడుసార్లు వంగేది. దేవుడికే కాదు, తల్లికీ చదువు చెప్పిన వాళ్ళకీ అలాగే పెడతారట. ఇంతకంటే పెద్ద గౌరవం తమకి లేదని చెప్పింది.

మరుసటి ఏడు శకుంతలత్తకి సంబంధం కుదిరింది. శకుంతలత్త మా నాన్న ఆఖరి చెల్లెలు. నన్ను ఎత్తుకుని పెంచింది. చిన్నప్పుడు ఆవిడకి రెండు మూడుసార్లు మూర్ఛ వచ్చింది. ఏలూరులో డాక్టరు మందిచ్చాక మళ్ళీ రాలేదు. ఆ సంగతి ఇల్లు దాటకూడదని మామ్మ ఆజ్ఞ. ఏలూరు నుంచి పిల్లవాడివాళ్ళు వచ్చి చూసుకున్నారు, నచ్చిందన్నారు, తాంబూలాలకి రోజు కూడా అనుకున్నారు. తాంబూలాలకి నాలుగు రోజుల ముందు మధ్యవర్తి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, అమ్మాయికి మూర్ఛ ఉందని వాళ్ళకి తెలిసిందని, వాళ్ళిక రారని చెప్పి వెళ్ళిపోయాడు. శకుంతలత్త గదిలో తలుపేసుకుంది. ఆవిడ ఏడుపు కొట్లో కూలీలకి కూడా వినిపించింది. పెళ్ళిచూపుల రోజు పిల్లవాడి మేనత్తా కనకం పిన్నీ నూతి దగ్గర ఏదో మాట్లాడుకోవడం చూశానని పనిమనిషి అప్పాయమ్మ అంది. నక్కి నక్కి నడిచే మనిషి, పసివాళ్ళని వాసన చూసే మనిషి, మనలో మనిషి కాని మనిషి. ఇక ఎవరూ వేరే వాళ్ళ గురించి ఆలోచించలేదు.

బాబాయి ఆ రోజు కొట్టు పని మీద గణపవరం వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మ వసారాలో పీట మీద కూర్చుని పిన్నిని పిలిచింది. నాన్న వాలుకుర్చీలో ఉన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. అప్పాయమ్మ నూతి దగ్గర గిన్నెలు తోమడం ఆపింది. నేను శకుంతలత్త గది తలుపుకి ఆనుకుని ఉన్నాను. తలుపు అవతల ఎక్కిళ్ళు వినిపిస్తున్నాయి.

“పిల్లాడి మేనత్తతో నూతి దగ్గర ఏం మాట్లాడావమ్మా?” అంది మామ్మ.

“కాళ్ళు కడుక్కుంటానన్నారండీ. చెంబిచ్చానండీ.”

“అంతేనా?”

“అంతేనండీ.”

“శకుంతల సంగతి ఏవీ అనలేదూ?”

“లేదండీ.”

“అలాగా,” అంది మామ్మ. వక్కల కత్తెర పక్కన పెట్టింది. “అలాగా. అయితే ఇలా దగ్గరికి రా. నా తల మీద చెయ్యేసి, నేను చెప్పలేదు అని ఒక్క మాట అను. ఇంకెవరు ఏమన్నా నేను చూసుకుంటాను.”

మామ్మ ఆ మాట మోసంతో అనలేదని ఇప్పటికీ నమ్ముతాను. ఆవిడ పిన్నికి ఒక దారి ఇచ్చింది. మా ఇళ్ళల్లో తల మీద చెయ్యేసి చెప్పిన మాటని ఎవరూ కాదనరు. తన ప్రాణం పిన్ని అరచేతి కింద పెట్టింది, అంతే. పిన్ని ఆ చెయ్యి వేసి ఉంటే ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎత్తేవాళ్ళు కాదు.

పిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“తప్పండీ,” అంది.

“ఏవిటి తప్పు?”

“తప్పండీ. అది తప్పండీ. చెయ్యలేనండీ.” తర్వాత ఆవిడ భాషలో ఏదో అంది, మళ్ళీ “తప్పండీ” అంది. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి నుదుటికి ఆనించి, మామ్మ ముందు నేలకి వంగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారి నుదురు నేలకి ఆనించి అలాగే ఉండిపోయింది.

“ఒప్పేసుకుంది గదమ్మా,” అంది నూతి దగ్గర నుంచి అప్పాయమ్మ. “కాళ్ళ మీదే పడిపోయె.”

మామ్మ మొహంలో కోపం లేదు. ఏదో అలసట కనిపించింది. నా వైపు తిరిగింది. “సుబ్బులూ, నువ్వెప్పుడూ దాని వెనకే తిరుగుతావు గదా. ఏవంటోందే ఇది? తప్పు అంటోంది, ఏవిటి తప్పు?”

పిన్ని తల ఎత్తి నన్ను చూసింది. నేను చెబుతాననుకుంది. నాకు చెప్పాల్సిందంతా తెలుసు. తల ముట్టుకోవడం తప్పంటోంది మామ్మా, నీ పుణ్యం పోతుందని భయపడుతోంది, అది దణ్ణం మామ్మా, దేవుడికి పెట్టే దణ్ణం. ఇన్ని మాటలు కూడా అక్కర్లేదు, మొదటి మాట చాలు.

“నాకు తెలీదు మామ్మా,” అన్నాను.

ఎవరితోనూ చెప్పకని పిన్నే నాతో అంది కదా అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అందులో నిజం లేదు. పెద్దవాళ్ళందరూ ఒకవైపు ఉన్నప్పుడు రెండోవైపు నిలబడడానికి భయం వేసింది. అదొక్కటే కాదు. వీపుకి ఆనుకున్న తలుపు వెనక శకుంతలత్త ఏడుస్తోంది. ఆ ఏడుపుకి కారణమైన మనిషి ఎవరో ఒకరు ఉండాలని నాకూ అనిపించింది. పిన్ని చెప్పలేదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ నిమిషంలో, చెప్పిందేమో అనుకోవడం నాకు తేలికయింది. పదకొండేళ్ళ పిల్లకి అంత తెలుస్తుందా అని ఎవరైనా అడగవచ్చు. తెలుస్తుంది.

మర్నాడు బాబాయి వచ్చి అంతా విన్నాడు. జీవితంలో మొదటిసారి మామ్మకి ఎదురుగా నిలబడి ఆ తల సంగతి చెప్పాడు. మామ్మ చివరిదాకా విని, “నిన్న లేని మాట ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? ఆచారమే అయితే సుబ్బులుకైనా తెలిసుండేది కదా. అదీ తెలీదంది,” అంది. బాబాయి నన్ను చూడలేదు. నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. వారం తిరక్కుండా అదే ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు. కొల్లేటి వైపు ఎవరో బియ్యం మిల్లులో గుమాస్తా పని ఇచ్చారని తర్వాత తెలిసింది. వెళ్ళేటప్పుడు పిన్ని నా తల మీద చెయ్యి పెట్టి తీసేసింది. నాకప్పుడు జ్వరం తగిలినట్టయింది. రెండు రోజులు బడికి వెళ్ళలేదు.

శకుంతలత్తకి ఏడాదిన్నర తర్వాత కామవరపుకోట సంబంధం కుదిరింది. సుఖంగానే బతికింది, మళ్ళీ ఎప్పుడూ మూర్ఛ రాలేదు. ఆవిడ పెళ్ళిలోనే అసలు సంగతి బయటపడింది. ఏలూరులో ఆవిడకి మందిచ్చిన డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు ఆ మొదటి పిల్లవాడివాళ్ళకి దూరపు చుట్టం. వాళ్ళకి చెప్పింది అతనే. నాన్న ఆ మాట మామ్మతో చెప్పి, “తమ్ముడివాళ్ళకి కబురు పంపనా అమ్మా?” అని అడిగాడు. మామ్మ చాలాసేపు వక్కలు కత్తిరించింది. “మరయితే కాళ్ళ మీద ఎందుకు పడిందిరా?” అంది చివరికి. ఆవిడ నిజంగానే అడిగింది. ఆ ముడి ఆవిడకి చనిపోయేదాకా విడలేదు. నేను పక్కనే కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాను, నాకు పదమూడేళ్ళు. అప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెబితే మొదట చెప్పిన అబద్ధం బయటపడుతుంది. అబద్ధం పాతబడేకొద్దీ దాన్ని కదపడం కష్టమవుతుందని ఆ వయసులోనే తెలిసింది.

ఆ తర్వాత పిన్నిని ఒక్కసారి చూశాను. ఏలూరులో టీచరు ట్రైనింగు చదువుతున్న రోజుల్లో, బస్టాండులో. తోటి అమ్మాయిలతో నిలబడి ఉంటే వెనక నుంచి సుబ్బులూ అని వినిపించింది. సన్నబడింది. కొల్లేటి ఆడవాళ్ళలాగే చీర ఎగ్గట్టుకుని, చంకలో ఆడపిల్లని ఎత్తుకుని ఉంది. మామ్మ ఎలా ఉందని అడిగింది, తమ్ముడు ఏ క్లాసని అడిగింది. సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఇచ్చింది. ఒక్క చేత్తోనే ఇచ్చింది. రెండో చెయ్యి మోచేతి దగ్గరికి వస్తుందేమోనని చూశాను, రాలేదు. చంకలో పిల్ల ఉంది కాబట్టి అనుకోవచ్చు. ఆ పిల్లని దించి చెంగు సర్దుకున్నాక, పక్కన ముసలాయనకి దారి ఇస్తూ కూడా ఆవిడ వంగలేదు. నిటారుగా, భుజంతో తోసుకుంటూ బస్సు ఎక్కింది. అందరం అలాగే ఎక్కుతాం. ఆవిడకి మా పద్ధతులన్నీ వచ్చేశాయి. అప్పుడైనా ఒక్క మాట అనాల్సింది. స్నేహితురాళ్ళు చూస్తున్నారని, బస్సు కదులుతోందని, మళ్ళీ ఎప్పుడైనా అని ఊరుకున్నాను. నలభై ఏళ్ళు పంతులమ్మగా పనిచేశాను. తెలిసి తెలీదనకూడదని ఎంతమంది పిల్లలకి చెప్పానో.

మొన్న బుధవారం కైకలూరు బస్సెక్కాను. చిన్నప్పుడు ఆ దారిన వెళితే కనుచూపుమేర నీళ్ళూ, తూడూ, దోనెలూ ఉండేవి. ఇప్పుడు గట్ల మధ్య చేపల చెరువులు, మేత బస్తాలు, ఐసు పెట్టెల వ్యాన్లు. నీళ్ళు ఎన్నో ముక్కలయి కనిపించాయి. కైకలూరులో దిగి ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. మణి గుమ్మం దగ్గరే ఎదురుచూస్తోంది. యాభై దాటిన మనిషి, కళ్ళు మాత్రం పిన్నివే. బాబాయి పోయి పదిహేనేళ్ళయిందట. భర్త చేపల వ్యాను మీద వెళ్ళాడు. నన్ను చాప మీద కూర్చోబెట్టి తనూ కూర్చుంది. మూలన దీపం వెలుగుతోంది. పక్కన పిన్ని ఫోటో, నిండా కుంకుమబొట్టుతో. బుద్ధుడి పటం కోసం గోడలన్నీ వెతికాను. లేదు.

“మీరు గూడెంలో అమ్మతో కలిసి ఉన్నారు గదండీ,” అంది మణి. “ఒకటి అడగచ్చాండీ? అమ్మావాళ్ళు అక్కణ్ణుంచి ఎందుకొచ్చేశారండీ? నాన్నని అడిగితే లేచి వెళ్ళిపోయేవారు. అమ్మని అడిగితే, నేనే తప్పు చేశాను అనేది. ఏం తప్పమ్మా అంటే చెప్పేది కాదు. నా పెళ్ళప్పుడు ఇక్కడివాళ్ళు ఏవేవో అన్నారండీ. గూడెంలో ఎవరితోనో... అలాంటివి. మా అత్తగారు పోయేదాకా ఆ మాట నాకు తగుల్తూనే ఉందండీ. నేను కూడా నిజమేనేమో అనుకున్నాను. అమ్మని ఒకసారి మొహం మీదే అడిగేశాను. ఆ తర్వాత చాలాకాలం ఇద్దరికీ మాటల్లేవు.”

అప్పుడు చెప్పాను. తలంట్లు, నూనెగిన్నె, నూతి దగ్గర ఆవిడ నాతో అన్న మాట, మధ్యవర్తి, మామ్మ అడిగిన ఒట్టు, మూడు దణ్ణాలు, తప్పండీ అన్న మాటకి అసలు అర్థం. మామ్మ నన్నడిగింది, నేను తెలీదన్నది కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ మణి చాప అంచు పట్టుకుని కూర్చుంది. మధ్యలో ఒక్కసారే అడ్డుపడి, “తల ముట్టుకోకూడదాండీ వాళ్ళల్లో?” అంది. అవునన్నాను. “మాకెప్పుడూ చెప్పలేదండీ. నాన్నకి జబ్బు చేసినప్పుడు రోజూ తల పట్టేది,” అంది.

అంతా విన్నాక కొంగుతో మొహం తుడుచుకుంది. “అప్పుడు మీకెన్నేళ్ళండీ?”

“పదకొండమ్మా.”

“చిన్నపిల్లలే గదండీ,” అంది. ఇక్కడివాళ్ళ మర్యాద అది. ఎంత కష్టంలో ఉన్నా ఎదుటివాళ్ళకి ఒక మెత్తని మాట అందిస్తారు. నేను ఆ మాట పట్టుకోబోయేలోపే, అదే మెత్తని గొంతుతో, “తర్వాత పెద్దవారయ్యారు గదండీ,” అంది.

వాళ్ళమ్మ పేరు చెప్పాను, ఖిన్ మ్యా అని. ఆ పేరు తనకి తెలియదట. రెండుసార్లు పలికించుకుని, ఫోన్లో రాసుకుంది. పెద్దకర్మ కార్డు అప్పటికే అచ్చయిపోయిందని, లేకపోతే ఆ పేరు కూడా వేయించేదాన్నని అంది. ఇంకేదో అడుగుతుందని కూర్చున్నాను, అడగలేదు. ఆటో వచ్చింది.

చావింటి నుంచి బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు. ఇంటివాళ్ళు కూడా మళ్ళీ రండి అనరు. మాలో తరతరాల ఆచారం. నేను ఏమీ అనకుండా చెప్పులు వేసుకున్నాను. మణి గుమ్మం దాకా వచ్చి, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. రమ్మని అనలేదు. చెయ్యి ఎత్తలేదు, తల ఊపలేదు. ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. మణి ఆచారాన్నే పాటించిందో, ఇక రావద్దనే చెప్పిందో ఆ నిలబడ్డ తీరులో నాకు తెలియలేదు.